పే స్లిప్పు ఉండగానే అప్పు తీసుకుని పీహెచ్‌డీలో చేరతారా?

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. వయసు 31. హైదరాబాద్‌లో ఏడేళ్లుగా ఒకే కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. మూల వేతనం 50,000, చేతికి వచ్చేది 96,000, ఖర్చులు 45,000. పర్సనల్ లోను ఇంకా 3.4 లక్షలు ఉంది, ఈఎంఐ 11,800. ఎఫ్‌డీలో 2.2 లక్షలు, మ్యూచువల్ ఫండ్లలో 4 లక్షలు ఉన్నాయి. గేట్ స్కోరుతో జులైలో రూర్కెలా ఎన్‌ఐటీలో కంప్యూటర్ సైన్స్ పీహెచ్‌డీకి చేరి, తర్వాత అధ్యాపకుడిగా స్థిరపడాలని ఉంది. రాజీనామా చేశాక లోను ఇవ్వరు కాబట్టి ఇప్పుడే 8 లక్షలు తీసుకుని దగ్గర పెట్టుకోమంటున్నారు స్నేహితులు. నాన్నగారికి 71 ఏళ్లు, షుగరు, బీపీ. మీ సలహా?

జవాబు: ఆ 8 లక్షలు తీసుకోకండి. పరిశోధన వైపు వెళ్లే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు తరచూ చేసే తప్పే ఇది. అందుకే మీ ఉత్తరానికి కాస్త వివరంగా రాస్తున్నాను.

8 లక్షలు 14 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే ఈఎంఐ దాదాపు 18,600. పాతది 11,800. రెండూ కలిపి 30,400. పీహెచ్‌డీ విద్యార్థికి నెలనెలా ఇచ్చే ఫెలోషిప్ మొదటి రెండేళ్లు 37,000, ఆ తర్వాత 42,000. అంటే మెస్సుకీ, మందులకీ, ఇంటికీ కలిపి మీ చేతిలో మిగిలేది 6,600. చాలనప్పుడు అప్పు డబ్బుతోనే అప్పు వాయిదా కడతారు, అలా ఐదేళ్లలో వడ్డీ కిందే 3 లక్షలకు పైగా పోతుంది. ఫ్రీలాన్స్ చేసి సర్దుకుందామన్నా కుదరదు. ఫెలోషిప్ తీసుకునే పూర్తికాల విద్యార్థి బయట జీతం తీసుకోకూడదు, పైగా వారానికి 8 గంటల దాకా బోధన సహాయకుడి పని ఉంటుంది. ఇక వచ్చే నెల మానేసే ఉద్యోగాన్ని చూపించి బ్యాంకు దగ్గర అప్పు తీసుకోవడం నిజాయితీ కూడా కాదు.

మీకు కావాల్సింది అత్యవసర నిధి. ఉద్యోగంలో ఉన్నవారికి ఆరు నెలల ఖర్చు చాలంటాం. పరిశోధక విద్యార్థికి పన్నెండు నెలలది ఉండాలి. ఎందుకంటే ఫెలోషిప్ జీతంలా ఒకటో తారీఖున పడదు. హాజరు పత్రం మీద గైడు సంతకం, శాఖాధిపతి సంతకం అయి, అకౌంట్స్ సెక్షన్‌కు చేరి, నిధులు విడుదలైతేనే ఖాతాలోకి వస్తుంది. రెండు మూడు నెలలవి ఒకేసారి పడటం పరిశోధకులకు కొత్త కాదు. విదేశీ సదస్సులో పేపరు అంగీకరించారంటే రిజిస్ట్రేషన్, వీసా, విమానం టికెట్టు ముందు మీ జేబులోంచే పోతాయి, బిల్లులు పెట్టాక ఎప్పుడో తిరిగొస్తాయి. అన్నిటికన్నా ఎవరూ లెక్కలోకి తీసుకోనిది చివరి ఖాళీ. ఐదేళ్లు నిండగానే, లేదా థీసిస్ సమర్పించగానే చాలా సంస్థల్లో ఫెలోషిప్ ఆగిపోతుంది. పరీక్షకుల నివేదికలు వచ్చి, వైవా జరిగి, ఉద్యోగ ఉత్తర్వు చేతికొచ్చేసరికి ఇంకా చాలా నెలలు పడుతుంది. అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు యూజీసీ స్కేలులో 57,700 మూల వేతనంతో మొదలవుతుంది, నిజమే. కానీ అక్కడికి చేరేదాకా ఇల్లు గడవాలి కదా.

జులై వదిలేసి జనవరి విడతకు దరఖాస్తు చేయండి. ఈఎంఐ కట్టాక మీకు నెలకు 39,000 మిగులుతోంది. ఆరు నెలలకు 2.34 లక్షలు. ఎఫ్‌డీతో కలిపితే 4.54 లక్షలు. పీహెచ్‌డీలో హాస్టల్, ఇంటికి పంపేది, బీమా ప్రీమియంలు కలిపి నెలకు 30,000 అనుకుంటే ఏడాదికి 3.6 లక్షలు. మిగతా 94,000 నాన్నగారి వైద్యానికని విడిగా ఉంచండి. ఏడేళ్ల సర్వీసుకు మీకు గ్రాట్యుటీ (ఉద్యోగం మానేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం) కూడా వస్తుంది: మూల వేతనం 50,000ను 15తో, 7తో గుణించి 26తో భాగిస్తే సుమారు 2.02 లక్షలు. అప్పటికి లోను 2.9 లక్షలకు దిగుతుంది. గ్రాట్యుటీకి ఫండ్ల నుంచి లక్ష దాకా కలిపి దాన్ని మూసేయండి. ముందస్తు చెల్లింపు రుసుము ఎంతో ఒప్పందంలో చూసుకోండి. మిగిలిన 3 లక్షల ఫండ్లను థీసిస్ చివరి నెలల కోసం అట్టిపెట్టండి. పీఎఫ్ తీయకండి, వడ్డీ పడుతూనే ఉంటుంది.

ఈ అత్యవసర నిధిలో సగం పర్లాకిమిడిలోని బ్యాంకులో అమ్మగారితో కలిపి ఉమ్మడి ఖాతాలో వేయండి. ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా రాయించి, ఏటీఎం కార్డు ఆవిడ చేతికిచ్చి ఒకటి రెండుసార్లు మీ ఎదురుగానే డబ్బు తీయించండి. అర్ధరాత్రి నాన్నగారిని బరంపురమో విశాఖో తీసుకెళ్లాల్సి వస్తే, అడ్మిషన్ కౌంటర్లో అడ్వాన్సు కట్టమన్నప్పుడు మీరు రూర్కెలా ల్యాబ్‌లో ఉంటారు. మిగతా సగం లిక్విడ్ ఫండ్‌లో (కావాలనుకున్నప్పుడు త్వరగా తీసుకోగల మ్యూచువల్ ఫండ్) చాలు.

బీమా పనులు మాత్రం రాజీనామా లేఖ ఇవ్వకముందే పూర్తి చేయండి. టర్మ్ పాలసీ (పాలసీదారు చనిపోతే కుటుంబానికి డబ్బిచ్చే బీమా) మొత్తాన్ని ఆదాయం చూసి ఇస్తారు. 37,000 ఫెలోషిప్ మీద కోటి రూపాయల కవరు దొరకడం కష్టం, ఇప్పుడైతే పే స్లిప్పులు, ఫారం 16 సరిపోతాయి. ప్రపోజల్‌లో ఉన్నది ఉన్నట్టు రాయండి. కంపెనీ ఆరోగ్య బీమా చివరి పనిరోజుతో ఆగిపోతుంది. బయటికి వచ్చేటప్పుడే అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారే అవకాశం ఉంది. అలా మారితే ఇప్పటిదాకా గడిచిన వెయిటింగ్ పీరియడ్ (పాత జబ్బులకు క్లెయిము ఇవ్వకుండా ఆగే కాలం) కలిసొస్తుంది. కొత్త పాలసీ తీసుకుంటే షుగరు, బీపీకి మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. నాన్నగారికి 70 దాటాయి కాబట్టి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల ఆయుష్మాన్ వయ వందన కార్డుకు అర్హులు. ఆధార్‌తో నమోదు చేయించి, మీరు వెళ్లే ఆసుపత్రి జాబితాలో ఉందో లేదో ఇప్పుడే కనుక్కోండి.

యూజీసీ జేఆర్‌ఎఫ్‌కు (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వయోపరిమితి 30 ఏళ్లు. మీకు సడలింపు వర్తించకపోతే సంస్థ ఇచ్చే ఫెలోషిప్పే దారి. ఉద్యోగం చేస్తూనే ఎక్స్‌టర్నల్ పీహెచ్‌డీ చేసే వీలు కొన్ని సంస్థల్లో ఉంది, దానికి కంపెనీ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి. ఎంతకీ లోను తప్పదనిపిస్తే జనవరి కూడా వదిలి వచ్చే జులైకి వెళ్లండి, ఆ ఆరు నెలల్లో మరో 2.34 లక్షలు చేతికొస్తాయి.