పాత బోటు బాగుచేయవచ్చా?

ప్రశ్న: రిటైరయ్యాక అట్లాంటాలో మా అబ్బాయి దగ్గరే ఉంటున్నాను. లేక్ లానియర్ దగ్గర ఒకాయన పెరట్లో ఏళ్ల తరబడి వాడకుండా పడివున్న 19 అడుగుల ఫైబర్ మోటారు బోటు చవగ్గా ఇస్తానంటున్నాడు. లోపల ఇంజను, వెనక డ్రైవు (ప్రొపెల్లర్‌ను తిప్పే భాగం) ఉన్న రకం. కొని బాగుచేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: ఇంజను సంగతి తర్వాత, ముందు బోటు వెనక గోడ చూడండి మాస్టారూ. డ్రైవు వేలాడేది దానికే. పాత ఫైబర్ బోట్లలో చాలావాటికి పైన ఫైబర్, లోపల ప్లైవుడ్. స్క్రూడ్రైవర్ పిడితో తడుతూ పోండి. టక్కుటక్కుమంటే సరే. పండిన గుమ్మడికాయలా మొద్దుగా మోగితే చెక్క కుళ్లినట్టే అనుకోండి. స్క్రూ ఒకటి ఊడదీస్తే గోధుమరంగు నీళ్లు కారినా అంతే. అది మార్చాలంటే ఇంజను దించాలి, మీ నడుమూ ఒప్పుకోవాలి. నేనైతే అక్కడే దండం పెట్టి వచ్చేస్తాను.

గోడ గట్టిదేనా? అయితే డ్రైవులోని గేరు ఆయిల్ కాస్త తీసి చూడండి. తెల్లగా చిక్కబడితే నీరు చేరింది, దాన్ని ఆపే రబ్బరు సీళ్లు పోయాయి. నీళ్ల పంపులోని రబ్బరు ఇంపెల్లర్ (నీటిని తోసే రెక్కల చక్రం) ఎలా ఉన్నా మార్చేయండి. పాత పెట్రోలు తోడించేయండి. ఆదా అని కారు స్టార్టరు, ఆల్టర్నేటరు మాత్రం బిగించకండి. ఇంజను గదిలో నిలిచిన పెట్రోలు ఆవిరికి వాటి నిప్పురవ్వ తగిలితే బోటు పేలిపోతుంది. నిప్పురవ్వ బయటికి రాకుండా బోట్ల కోసమే చేసిన మెరైన్ రకమే కొనండి.

రంగు, సీట్ల గుడ్డ అన్నిటికన్నా చివర. మీ అబ్బాయి వాటి గురించే ముందు అడుగుతాడు, వినకండి.