రిజైన్ లెటర్ మాత్రం ఇవ్వకండి

గర్భం ఏడో నెలలో ప్రసూతి సెలవు అడిగితే "రిజైన్ చేసి వెళ్లండి, తర్వాత చూద్దాం" అని హెచ్ఆర్ ఆవిడ అన్నారని రాశారు కదండీ. ఆ లెటర్ ఇచ్చారంటే ‘తనంతట తనే మానేసింది’ అంటారు, మీ కేసు అక్కడే నీరుగారిపోతుంది.

మీకిది తొలి కాన్పు. డెలివరీ తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు, 26 వారాలు జీతంతో సెలవు మీ హక్కు. అందులో 8 వారాలు ముందే వాడుకోవచ్చు. ఆ సెలవులో ఉండగా ఉద్యోగంలోంచి తీసేయడం చట్టవిరుద్ధం. (ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా ఉంటే డబ్బు వాళ్లిస్తారు, ఆ లెక్క వేరు.)

నోటిమాటలు వద్దు. "ఫలానా తేదీ నుంచి ప్రసూతి సెలవు కావాలి, డాక్టర్ సర్టిఫికెట్ జతచేశాను" అని ఈరోజే మెయిల్ పెట్టండి. బీసీసీలో (అవతలివాళ్లకు కనబడని కాపీ) మీ సొంత జీమెయిల్ పెట్టుకోండి, ఆఫీసు లాగిన్ రేపు ఉంటుందో ఊడుతుందో! జవాబు రాకపోతే ఆ కాపీతో లేబర్ ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వండి.