మూత్రం పోశాక తగ్గే గజ్జ వాపు

ప్రశ్న: నా వయసు 63. మాది కవిటి మండలం. కుడి గజ్జలో రెండేళ్లుగా వాపు ఉంది. ఈమధ్య బీజాల సంచి దాకా దిగింది. మూత్రం పోశాక తగ్గుతుంది, చేత్తో నొక్కితే మళ్లీ కొంచెం మూత్రం వస్తుంది. నొప్పికి షాపులో బిళ్లలు కొనుక్కుని వేసుకుంటున్నాను. జీడిపంట అయ్యేదాకా బెల్టుతో నెట్టుకురావచ్చా? ఏ బెల్టు మంచిది?

జవాబు: బెల్టు సంగతి తర్వాత. నొక్కితే మళ్లీ మూత్రం వస్తోందన్నారే, నాకు ముఖ్యమైంది అదీ. మూత్రాశయంలో కొంత భాగం హెర్నియాలోకి, అంటే గజ్జ కండరాల సందులోంచి పొడుచుకొచ్చిన వాపులోకి జారితే ఇలా అవుతుంది. చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ అనుమానించి తీరాలి. ప్రోస్టేట్ (మూత్రాశయం కింద ఉండే గ్రంథి) పెరిగి ముక్కి పోసేవారిలో ఇది ఎక్కువ.

ఈ వారంలోనే శ్రీకాకుళమో బరంపురమో వెళ్లండి. మూత్రం నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, పోశాక ఒకసారి స్కానింగ్ చేయాలి. గజ్జ, సంచి కూడా చూడమని అడగండి. పొట్ట వరకే చూస్తే దొరకదు. ఎంత మూత్రం మిగులుతోంది, కిడ్నీలు ఉబ్బాయా అన్నదీ రాయించుకోండి. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), మూత్ర పరీక్ష తప్పనిసరి. ఇంకా సందేహముంటే గొట్టం ద్వారా మూత్రాశయంలోకి మందు నింపి సీటీ తీస్తారు.

ఆపరేషన్‌కు ముందే ఇది తెలియాలి. లోపల మూత్రాశయం గోడ కొవ్వులాగో హెర్నియా సంచిలాగో కనిపించి కత్తి పడే ప్రమాదం ఉంది. పడితే కరిగే దారంతో రెండు పొరలుగా కుట్టి, వారం రెండు వారాలు గొట్టం ఉంచుతారు. మామూలుగా అయితే మూత్రాశయాన్ని కొయ్యక్కర్లేదు, లోపలికి నెట్టి మెష్ (వలలాంటి గుడ్డ) వేస్తారు. ప్రోస్టేట్ అడ్డం ఉంటే ముందు దానికి మందు, అది వాడకపోతే ఆపరేషన్ తర్వాత మూత్రం బిగుసుకుపోవచ్చు.

ఇక ఆ బిళ్లలు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివైతే ఈరోజే ఆపండి. మీ కవిటి ఉన్నది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో, అక్కడుంటూ కిడ్నీల మీద ఇంత నిర్లక్ష్యమా? మూత్రం సరిగా దిగని మనిషికి అవి రెట్టింపు చెరుపు. జలుబు బిళ్లలు కూడా మూత్రాన్ని బిగించగలవు. అవసరమైతే పారాసెటమాల్, అదీ మీ డాక్టర్ని అడిగి. బుడ్డ (బీజాల సంచిలో నీరు చేరడం) అనుకుని సూదితో నీరు తీస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, గుచ్చుకునేది మూత్రాశయానికో పేగుకో కావచ్చు.

పూర్తిగా లోపలికి వెళ్లని వాపు మీద బెల్టు బిగించకూడదు. పరీక్షలన్నీ బాగుంటే ఆపరేషన్ తేదీ పంటను బట్టి కొంచెం జరపొచ్చేమో, అది మీ సర్జన్ చెప్పాలి. వాపు గట్టిపడి లోపలికి పోకపోయినా, వాంతులైనా, చలిజ్వరం వచ్చినా, మూత్రంలో రక్తం పడినా, అసలు రాకపోయినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లండి.