జప్తా, జఫ్తా?

సందేహం: పత్రికలలో ఒకచోట ‘జప్తు’ అనీ, మరొకచోట ‘జఫ్తు’ అనీ కనబడుతున్నది. ఏది సరైన రూపం? ఆస్తి జప్తయిందంటే యజమానికి దానిపై హక్కు పోయినట్లేనా?

సమాధానం: ‘జప్తు’ అని రాయడమే సరి. అరబ్బీలో పుట్టి, ఫారసీ, ఉర్దూల మీదుగా మన ప్రభుత్వ కచేరీలకు చేరిన ‘జబ్త్’ దీనికి మూలం. పట్టి ఉంచడం, అదుపులో పెట్టడం అని అర్థం. మూలంలో ఉన్నది బకారం కనుక ‘జఫ్తు’లోని ఫకారానికి ఆధారం లేదు. ఉర్దూ మాట అనగానే ఫకారం ఉండి తీరాలన్న భ్రమతో అది చేరి ఉంటుందని నా అభిప్రాయం. ఇక బకారం పకారంగా మారడం ఉచ్చారణలో సహజమే: ఆపద్ + కాలం ‘ఆపత్కాలం’ అయినట్లు, పరుషమైన తకారం ముందు సరళమైన బకారం పరుషమైంది. ‘కబ్జా’లో బకారం తరువాత వచ్చేది సరళమైన జకారమే కనుక అది అలాగే నిలిచింది. ‘జప్తు’లోని మొదటి అక్షరాన్ని ‘జనం’లో వలె గాక, ‘జడ’లో వలె దంత్యంగా, అంటే ‘ౙప్తు’ అని పలకాలి.

అర్థం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం, బాకీ చెల్లించాలని కోర్టు ఇచ్చిన డిక్రీ అమలులో ఇల్లో పొలమో జప్తయితే, బాకీదారు దానిని అమ్మరాదని, అన్యాక్రాంతం చేయరాదని కోర్టు నిషేధపుటుత్తర్వు ఇస్తుంది. ఆ సంగతి అక్కడే దండోరా వేయించి, ప్రతిని ఆస్తి మీదా కోర్టులోనూ అంటిస్తారు. అంతమాత్రాన యాజమాన్యం మారదు; వేలం జరిగి ఖాయమైతేనే మారుతుంది, డిక్రీ మొత్తం ఖర్చులతో సహా చెల్లిస్తే జప్తు తొలగిపోతుంది. (కట్టుబట్టలు, వంటపాత్రలు, చేతివృత్తివారి పనిముట్లు అసలు జప్తు చేయరాదని అదే చట్టంలోని 60వ సెక్షన్ చెబుతుంది.)

ఈడీ (ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్) కేసుల వార్తలలోనే గందరగోళం ఎక్కువ. 2002 నాటి మనీలాండరింగ్ నిరోధక చట్టం కింద మొదట జరిగేది తాత్కాలిక జప్తు. దాని గడువు 180 రోజులకు మించదు, ధ్రువీకరణ జరిగితేనే ఆపైన కొనసాగుతుంది. ఆస్తి పూర్తిగా కేంద్ర ప్రభుత్వానికి దఖలుపడేది ప్రత్యేక కోర్టు ఆదేశించినప్పుడే. రెంటికీ ‘జప్తు’ అనే రాస్తే, విచారణ ముగియకముందే ఆస్తి పోయిందని పాఠకుడు నమ్ముతాడు. అందుచేత మొదటిదానిని ‘తాత్కాలిక జప్తు’ అనీ, రెండవదానిని ‘ప్రభుత్వపరం చేయడం’ అనీ, సోదాలో దొరికిన నగదునో పత్రాలనో పోలీసులు తీసుకుంటే ‘స్వాధీనం చేసుకోవడం’ అనీ విడివిడిగా రాయడం మంచిది.