పిల్లల క్రిస్మస్ డ్రింక్‌ని జాడీలో ఊరబెట్టొద్దు, ఆ రోజే మరిగించండి

"క్రిస్మస్‌కి పెద్దవాళ్ళ కోసం ఇంట్లోనే ద్రాక్ష వైన్ పెడతాం, పిల్లలకి ఈస్ట్ వెయ్యకుండా వేరే జాడీలో పెడితే ఆల్కహాల్ ఉండదు కదా, ఎన్ని రోజులు ఊరనివ్వాలి" అని కదండీ మీరు అడిగింది. ఉంటుంది. ఒక్క రోజు కూడా ఊరనివ్వొద్దు. మనం వేస్తేనే ఈస్ట్ వస్తుందనుకుంటారు చాలామంది, కానీ అది ద్రాక్షతొక్క మీదే ఉంటుంది, పండ్లు చిదిమి చక్కెర పోసి మూత పెట్టామంటే దానికి పెళ్ళి భోజనం వడ్డించినట్టే, ఆ చక్కెర తింటూ ఆల్కహాల్ తయారు చేస్తూనే ఉంటుంది.

సికింద్రాబాద్‌లో మా పిన్ని వాళ్ళింట్లో క్రిస్మస్‌కి అందరం కలుస్తాం. చర్చి అయ్యాక వచ్చేవాళ్ళు వస్తూనే ఉంటారు, టేబుల్ నిండా ప్లమ్ కేకు, గులాబీ పువ్వులు, హాల్లో కాలు పెట్టే చోటు లేకుండా పిల్లలు. ఒక ఏడాది మా చుట్టాల్లో ఒక పెద్దాయన పిల్లల కోసమే అని ఒక గాజు జాడీ తెచ్చారు, అడ్వెంట్ మొదట్లో, అంటే క్రిస్మస్‌కి ఇంచుమించు నాలుగు వారాల ముందు పెట్టారట. మూత తియ్యగానే బుస్సుమంది, పైన నురగ, ఆ వాసన వంటింటి దాకా వచ్చింది. అప్పటికే చిన్న చిన్న గ్లాసుల్లో పోసేస్తున్నారు, నేను వెళ్ళి పిల్లల చేతుల్లోంచి గ్లాసులన్నీ తీసేసుకున్నా. ఆయనకి కోపం వచ్చింది. "చిటికెడు ఈస్ట్ కూడా వెయ్యలేదమ్మా, మా అమ్మ కాలం నుంచీ పిల్లలకి ఇదే పోస్తున్నాం, ఎవరికేమైంది" అన్నారు. "మరి ఈ నురగ ఎక్కడిది బాబాయ్" అన్నా. పక్కనే ఉన్న అత్తయ్య "పోనీ ఒకసారి పొయ్యి మీద పెట్టి ఇద్దాంలే, ఎగిరిపోతుందిగా" అంది. అదీ కుదరదండి. అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ళ పట్టిక చూడండి, వంటలో పోసిన ఆల్కహాల్ 15 నిమిషాలు ఉడికినా ఇంకా 40 శాతం మిగులుతుంది, రెండున్నర గంటలు ఉడికితే గానీ 5 శాతానికి రాదు. పులిసిపోయాక మరిగించడం వేరు, పులవకముందే మరిగించడం వేరు, ఈ తేడా తెలిస్తే చాలు మిగతాదంతా తేలిక.

పిల్లలేమో ఏడుపు మొహాలు పెట్టారు, పెద్దవాళ్ళ చేతిలో గ్లాసులున్నాయి వాళ్ళ చేతిలో లేవు. అదృష్టం కొద్దీ పిన్ని మోండా మార్కెట్ నుంచి తెచ్చిన నల్లద్రాక్ష ఫ్రిజ్‌లో ఉంది. పిల్లలందర్నీ వంటింట్లోకి పిలిచి కాడల నుంచి పండ్లు తెంపమన్నా, ఐదు నిమిషాల్లో ఏడుపులు పోయాయి, ఎవరు ఎక్కువ తెంపారని పోటీ మొదలైంది. కొలతలు చెప్తున్నా రాసుకోండి. కిలో గింజలున్న నల్లద్రాక్షకి లీటరుంబావు నీళ్ళు, 150 గ్రాముల చక్కెర, మూడు లవంగాలు, వేలంత దాల్చినచెక్క, నాలుగు యాలకులు, చిన్న అల్లం ముక్క. శుభ్రంగా కడిగి అన్నీ ఒకే గిన్నెలో వేసి మరిగాక మంట తగ్గించి పావుగంట ఉంచండి. తొక్కలు విచ్చుకున్నాక దించి పప్పుగుత్తితో మెదిపి పల్చటి బట్టలో వడకట్టండి. మిక్సీలో మాత్రం వెయ్యొద్దు, గింజ నలిగిందంటే చేదొస్తుంది. చల్లారాక ఒక నిమ్మకాయ పిండండి, అప్పటిదాకా ఊదాగా ఉన్న రసం ఎర్రగా తేలుతుంది, పులుపుకి ద్రాక్షరంగు అలా మారుతుందన్నమాట. పిల్లలకి ఆ పని అప్పజెప్పండి, మా ఇంట్లో అయితే అందరూ ఒకేసారి అరిచారు. పైన దానిమ్మ గింజలు వేస్తే చూడ్డానికి కూడా పండగలా ఉంటుంది. ద్రాక్షపండ్లు కూడా వెయ్యాలనుకుంటే ఐదేళ్ళ లోపు పిల్లలకి నిలువుగా కోసి వెయ్యండి, గుండుగా ఉన్నవి గొంతులో అడ్డం పడతాయి.

ఇది నేనేదో కొత్తగా కనిపెట్టింది కాదు. అమెరికాలో థామస్ వెల్చ్ అనే డెంటిస్టు 1869లో చేసింది ఇదే, చర్చిలో ప్రభు బల్లకి, అంటే యేసు చివరి విందు గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధనకి పులవని రసం కావాలని సీసాల్లో పోసి వేడి చేశాడు, ఆ వేడికి ఈస్ట్ చచ్చిపోయి రసం రసంగానే ఉండిపోయింది. బల్ల దగ్గరే పులవనిది చాలనుకున్నారు అక్కడ, మరి పిల్లల గ్లాసులోకి పులిసింది ఎందుకండీ మనకి?

ఇంత శ్రమ ఎందుకు, ప్యాకెట్ కొనేస్తే పోలా అంటారు కొందరు. వెనక రాసింది చదవండి ఒకసారి. మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల్లో ఫ్రూట్ డ్రింక్ అని అమ్మాలంటే పండ్ల రసం 10 శాతం ఉంటే చాలు, నిమ్మ అయితే 5 శాతమే. మిగతాది ఎక్కువగా నీళ్ళూ చక్కెరే. అయినా డబ్బా మీద బొమ్మ మాత్రం పండంత పండు. ఇంకా నాకు ఒళ్ళు మండేది బర్త్‌డే పార్టీల్లో ఆ నీలం రంగు మాక్‌టెయిల్ (ఆల్కహాల్ లేకుండా కాక్‌టెయిల్‌లా చేసేది), ఏ పండుకండీ ఆ నీలం? దాన్ని పొడుగాటి ప్లాస్టిక్ షాంపేన్ గ్లాసుల్లో పోసి, నాలుగేళ్ళ పిల్లల చేత చీర్స్ అనిపించి, వీడియో తీసి స్టేటస్ పెడతారు. పిల్లలకి పెద్దవాళ్ళ తాగుడు రిహార్సల్ చేయించడం ఏంటి? తెలంగాణలో ఉగాది పచ్చడి పల్చగా చేసి గ్లాసుల్లో పోసిస్తారు, మామిడికాయ, కొత్త చింతపండు, బెల్లం, వేపపువ్వు అన్నీ ఉంటాయి అందులో, శ్రీరామనవమికి పానకం తాగుతారు, ఇంటిల్లిపాదికీ ఒకే గిన్నెలోంచి. అక్కడ పిల్లలకి వేరే జాడీ ఉండదు, పెద్దవాళ్ళది ఆశగా చూస్తూ నిలబడే పనీ ఉండదు. క్రిస్మస్‌కి కూడా అలాగే చెయ్యండి అని నేను గట్టిగా చెప్తాను, కనీసం పిల్లలు ఇంట్లో ఉన్న మధ్యాహ్నం వరకైనా అందరూ మరిగించిన రసమే తాగండి. మా పిన్ని వాళ్ళింట్లో ఇప్పుడు అదే పద్ధతి, ఆ పెద్దాయన కూడా రెండో గ్లాసు అడుగుతారు.

ఒక్క జాగ్రత్త మాత్రం. మరిగించాం కదా అని వారం పాటు బయట ఉంచొద్దు, గాల్లోంచి, గరిటెల నుంచి మళ్ళీ ఈస్ట్ చేరుతుంది. చల్లారగానే సీసాల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో అవగొట్టండి, ఇంకా మిగిలితే ఐస్ ట్రేలో పోసి గడ్డ కట్టించి న్యూ ఇయర్‌కి నిమ్మరసంలో వెయ్యండి. మూత తీసినప్పుడు బుస్సుమందంటే రుచి కూడా చూడకుండా సింక్‌లో పొయ్యండి.