శాపం కత్తికా, కత్తి పట్టినవాడికా?

ఒక పాఠకుడి సందేహం: ఫాంటసీ కథ రాస్తున్నానండి, విలన్ చేతిలో ఒక కత్తి, ఒరలోంచి తీస్తే ఎవరో ఒకరు చావాల్సిందే, చివరికి తీసినవాడినీ వదలదు. దాన్ని శాపగ్రస్త ఖడ్గం అనాలా, శాపాస్త్రం అనాలా? వాడి దగ్గరున్న ఉంగరం, అద్దం లాంటివి మాయదారి వస్తువులు అనొచ్చా?

సమాధానం: ముందు శాపాస్త్రం తీసేయండి. చేత్తో పట్టుకుని నరికేది శస్త్రం, విసిరేది, వదిలేది అస్త్రం, మంత్రం చదివి వదిలితే గడ్డిపరక కూడా అస్త్రమే అవుతుంది, కాకాసురుడి మీద రాముడు వేసింది అదే కదా. మీ విలన్ కత్తి చేతిలోనే ఉంటోంది కాబట్టి అది శస్త్రమే.

ఇక శాపగ్రస్త. వ్యాకరణం ప్రకారం తప్పేం లేదు, కానీ గ్రస్తం అంటే మింగబడింది, పట్టుబడింది అని, అందుకే రోగగ్రస్తుడు, రుణగ్రస్తుడు అంటే ఆ బాధ పడేవాడే మనకి గుర్తొస్తాడు. అహల్య శాపగ్రస్త, సరే, మరి మీ కత్తి ఏం బాధ పడుతోంది? బాధంతా పట్టినవాడిది. ఐస్‌లాండ్ పాత వీరగాథల్లో, అంటే సాగాల్లో, టిర్‌ఫింగ్ అని అచ్చం ఇలాంటి కత్తే ఉంది, స్వఫర్‌లామి అనే రాజు ఇద్దరు మరుగుజ్జుల్ని పట్టుకుని బలవంతంగా చేయిస్తాడు, బంగారు పిడి, తుప్పు పట్టదు, ఇనుముని కూడా గుడ్డలా కోసేస్తుంది, వాళ్ళు చేసిచ్చి పోతూ పోతూ ఇది దూసిన ప్రతిసారీ ఒక మనిషి చావాలి, మూడు ఘోరాలు దీనితోనే జరగాలి, నీ చావూ దీనితోనే అని శపిస్తారు, చివరికి రాజు ఆ కత్తికే బలైపోతాడు.

మన శమంతకమణి చూడండి. విష్ణుపురాణంలో శుచిగా ఉన్నవాడికి మేలు, లేనివాడికి చావు అని స్పష్టంగా ఉంది, ప్రసేనుడు అది మెడలో వేసుకుని వేటకెళ్ళి సింహం చేతిలో పోయాడు, అయినా దాన్ని శాపగ్రస్త మణి అని మనవాళ్ళెవరూ అనరు, అచ్చిరాలేదు అంటారు. నాకు ఈ మాటంటే చాలా ఇష్టం, ఇల్లు అచ్చిరాలేదు, బండి అచ్చిరాలేదు అని రోజూ అనుకునే మాటే, మీ కథలో ఒక ముసలి కమ్మరి ఆ కత్తి చూసి "ఇది ఎవరికీ అచ్చిరాదు బాబూ" అంటే పాఠకుడికి ఒళ్ళు జలదరిస్తుంది. కథనంలో మీ మాటగా రాయాల్సొస్తే శాపం ఉన్న కత్తి అనేయండి, చాలు.

మాయదారి మాత్రం వద్దు, అది ఇవాళ పూర్తిగా తిట్టు అయిపోయింది, మాయదారి రోగం, మాయదారి వాన అన్నట్టు మాయదారి ఉంగరం అంటే ఎవరో విసుక్కుంటున్నట్టే ఉంటుంది. మాయ ఉంగరం, మాయ అద్దం అనండి. వాటి శక్తి ఎవరో మంత్రం వేస్తే వచ్చిందైతే మంత్రించిన ఉంగరం. మహిమ గల ఉంగరం అంటే దేవుడిచ్చిందనిపిస్తుంది, అది హీరోకి ఉంచండి.