కొలామీ కోసం పనిచేస్తే ఉపాధి దొరుకుతుందా?

ప్రశ్న: మాది కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా, కెరమెరి మండలం. మేము కొలాములం. మా అమ్మాయి హన్మకొండలో బి.ఏ. చివరి సంవత్సరం చదువుతోంది. మా భాష కొలామీ అంతరించిపోకుండా పనిచేస్తానని, అందుకు భాషాశాస్త్రం చదువుతానని అంటోంది. బి.ఎడ్. చేసి ఉపాధ్యాయురాలు కావాలని మా కోరిక. ఇంట్లో పెద్దవాళ్లం కొలామీలో, పిల్లలతో తెలుగులో మాట్లాడతాం. ఏం చేయమంటారు?

జవాబు: మీ అమ్మాయి కోరికలోనూ మీ ఆలోచనలోనూ న్యాయం ఉంది, ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు కూడా కావు. అయితే మీరు బి.ఎడ్. గురించి ఒక విషయం గమనించాలి. భాష నిలవాలంటే దాన్ని చిన్న పిల్లలు మాట్లాడాలి, ఆ వయసు పిల్లలు ఉండేది ప్రాథమిక పాఠశాలలో. 2023లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయ నియామకానికి బి.ఎడ్. అర్హతగా చెల్లదు కాబట్టి, ఆ పోస్టుకు వెళ్లాలంటే డీఎడ్ (ప్రాథమిక ఉపాధ్యాయ శిక్షణ డిప్లొమా) చేయాలి. 1940లలో మీ జిల్లాలోనే ఉన్న మార్లవాయిలో మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ ఇప్పించి, గోండీ వాచకాలతో చదువు మొదలుపెట్టించిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. న్యూజిలాండ్‌లో అక్కడి ఆదివాసులైన మావోరీలు 1982 నుంచి శిశుశాలల్లో పెద్దవాళ్ల చేత పసిపిల్లలతో తమ భాషలోనే మాట్లాడిస్తూ వస్తున్నారు.

అయినా, రెండేళ్లు ఆగగలిగే స్తోమత మీ ఇంటికి ఉంటే ముందు భాషాశాస్త్రంలో ఎం.ఏ. చేయించమనే చెబుతాను, ఎందుకంటే డీఎడ్ తర్వాతైనా చేయవచ్చు కానీ కొలామీ బాగా వచ్చిన ముసలివాళ్లు అంతవరకు ఉంటారన్న నమ్మకం లేదు. ఏ డిగ్రీ చదివినవారైనా ఈ ఎం.ఏ.కు అర్హులే. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష ద్వారా, ఉస్మానియాలో సీపీగెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా ప్రవేశాలు జరుగుతాయి.

ఈ చదువులో నేర్చుకునే పని చాలా ఓపికతో కూడినది. అవ్వ చెప్పిన కథను రికార్డు చేసి, ఈలాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పెడితే పైన ధ్వని తరంగం కనిపిస్తుంది. దాని కింద ఒక వరుసలో పలికిన మాట, మరో వరుసలో ఒక్కొక్క ప్రత్యయం విడివిడిగా, ఇంకో వరుసలో తెలుగు అర్థం రాసుకుంటూ పోవాలి. పది నిమిషాల కథకే రోజులు పడతాయి. ఇలా తయారైన కథల నుంచే నిఘంటువులు, ఒకటో తరగతి వాచకాలు పుడతాయి.

ఇక ఉపాధి సంగతి. భాషాశాస్త్రంలో యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష ఉంది. అందులో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవారికిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు అందుతాయి. పరిశోధన చేసే గిరిజన విద్యార్థులకు కేంద్రం ఏటా 750 జాతీయ ఫెలోషిప్‌లు ఇస్తుంది. మైసూరులోని భారతీయ భాషల కేంద్రీయ సంస్థ 2013లో మొదలైన అంతరించిపోతున్న భాషల పథకాన్ని నడుపుతోంది కానీ, అది పది వేల మంది లోపు మాట్లాడే భాషల కోసం ఉద్దేశించినది. 2011 జనాభా లెక్కల్లో కొలామీ మాట్లాడేవారు లక్షకు పైగా ఉన్నారు గనుక ఆ పథకం మీద ఆశ పెట్టుకోవద్దు. ప్రాజెక్టు ఉద్యోగాలు చాలావరకు ఒప్పందం మీద ఉంటాయి, నిధులు ఆగితే అవీ ఆగుతాయి. అందుకే ఎం.ఏ. తర్వాత డీఎడ్ కూడా చేస్తే బాగుంటుందని నా గట్టి అభిప్రాయం. ఏజెన్సీ బడిలో ఉద్యోగం చేస్తూ తన భాషకు తానే వాచకం రాయగల ఉపాధ్యాయురాలు దొరకడం అరుదు.

మీరు చేయవలసింది కూడా ఒకటి ఉంది. అమ్మాయికి కొలామీ అర్థమవుతున్నా మాట్లాడటానికి తడబడుతుందేమో చూడండి. తడబడితే ఏ విశ్వవిద్యాలయమూ ఆ లోటు తీర్చలేదు, ఇంట్లోనే తీరాలి. ఈ సెలవులకు ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆమెతో కొలామీలోనే మాట్లాడండి, తప్పులు దొర్లినా నవ్వవద్దు. ఊళ్లో పెద్దవాళ్ల అనుమతి తీసుకుని విత్తనాల పేర్లు, పండుగ పాటలు, బంధుత్వాల పిలుపులు ఫోనులో రికార్డు చేయించండి. ప్రతి రికార్డుకూ చెప్పినవారి పేరు, ఊరు, తేదీ తప్పనిసరిగా రాయించండి. సీయూఈటీ పీజీ పరీక్ష సాధారణంగా మార్చిలో ఉంటుంది కాబట్టి, దరఖాస్తు కోసం డిసెంబరు నుంచే ప్రకటన వచ్చిందేమో చూస్తూ ఉండమనండి.